బుడతకీచు తిట్టు కాదు

“దించకమ్మా. బుట్ట దించకు.”

టీచరమ్మ అరవలేదు. అయినా ఆ మాటకి కొండదారి మలుపులో ఉన్నవాళ్ళందరూ ఆగిపోయారు. పై ఊరి నుంచి దిగివచ్చిన ఒక ఆడమనిషి నెత్తిన అడ్డాకులు కప్పిన చింతపండు బుట్ట ఉంది. బుట్ట అంచుకి ఒక పక్క వర్తకుడి చెయ్యి, రెండో పక్క టీచరమ్మ చెయ్యి. మెడ కదిపితే బుట్ట ఒరిగిపోతుందని ఆ మనిషి కళ్ళు మాత్రమే అటూ ఇటూ తిప్పుతోంది. టీచరమ్మ వెనకాల ఎనిమిదో తరగతి ఆడపిల్లలు నిలబడ్డారు.

“నా సేతిలోకి వచ్చీసిన బుట్టమ్మా ఇది. నువ్వు సెయ్యి తియ్యి” అన్నాడు వర్తకుడు. లావుపాటి మనిషే గాని గొంతు సన్నం. కోపమొస్తే ఇంకా సన్నమైపోయేది.

“అమ్ముతానని అందా?”

“అనేదేటి? వారం వారం నాకే ఇస్తాది.”

“వారం వారం నువ్వే లాగేస్తన్నావు. ఇవ్వడమంటే ఏటో, లాగడమంటే ఏటో ఈ గుంటల్ని అడుగు, సెప్తారు.”

ఆ ఆడపిల్లల్లో ఒకతి కిసుక్కున నవ్వింది. వర్తకుడు అటు తిరిగాడు. ఆ క్షణంలో బుట్ట మనిషి ఒక అడుగు ముందుకి వేసింది. తరవాత ఇంకొకటి. వర్తకుడి చెయ్యి బుట్ట అంచు మీంచి జారింది. ఆవిడ వెనక దిగుతున్న ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని, బుట్టలు దించకుండానే అతన్ని దాటుకుని సంతకేసి నడిచారు. ఆ రోజు ఆ మలుపులో ఒక్క బుట్ట కూడా నేల మీదికి దిగలేదు. పేపరుకి సంత మీద నాలుగు ముక్కలు రాసుకుపోదామని వెళ్ళిన నేను అక్కడే నిలబడి చూశాను.

ఇది తొంభైల చివర్లో, విశాఖ మన్యంలో, హుకుంపేట సంతకి పై దారిలో జరిగింది. అది ఎందుకంత పెద్ద విషయమో తెలియాలంటే సంత బేరం ఎక్కడ జరిగేదో చెప్పాలి. బేరం సంతలోనే జరుగుతుందని కిందివాళ్ళం అనుకుంటాం. చింతపండు, పసుపు, పిప్పళ్ళు మోసుకుని తెల్లారకముందే బయల్దేరిన కొండ ఆడవాళ్ళు సంత దాకా వచ్చేవారే కాదు. వర్తకులు వాళ్ళకి ఎదురెళ్ళేవారు. మైదానం నుంచి మొదటి బస్సుకి వచ్చి, సంత దాటి, దారి ఎక్కి, మొదటి మలుపులో కాచుకునేవారు. బుట్ట కనబడగానే చెయ్యి వేసేవారు. చెయ్యి వేసినవాడిదే బుట్ట. ధర అతను చెప్పిందే. ఒకడు మొదటి మలుపులో నిలబడితే రెండోవాడు పై మలుపుకి పోయేవాడు. మూడోవాడు ఇంకా పైకి. సంతలో నలుగురు కొనేవాళ్ళ మధ్య తూగాల్సిన సరుకు ఎవరూ లేని మలుపులో ఒక్కడి తక్కెడలో తూగేది.

మన దగ్గర ఎదురెళ్ళడమంటే మర్యాద. అల్లుడొస్తే ఎదురెళతాం, పెద్దవాళ్ళొస్తే ఎదురెళతాం. ఆ కొండదారిలో ఆ మాటకి అర్థం వేరు.

టీచరమ్మ పుట్టింది ఆ పై ఊళ్ళలో ఒకదాంట్లో. వాళ్ళమ్మ ఆ దారినే పసుపు మోసింది. హాస్టల్లో వేసేదాకా తనూ మోసింది. ఎన్నేళ్ళు గడిచినా నెత్తి ఆ బరువు మరిచిపోలేదేమో, దేని గురించైనా దీర్ఘంగా ఆలోచిస్తుంటే ఎడం చెయ్యి దానంతటదే పైకి లేచి తల పక్కన ఆగేది, లేని బుట్టని పట్టుకున్నట్టు. స్టాఫ్ రూములో దానికి నవ్వుకునేవారు. ఆవిడకి తెలుసు. దించేది కాదు.

మగవాళ్ళ చెప్పులు వేసుకునేది. కొండదారిలో అవే ఆగుతాయనేది. ఎండైనా వానైనా చేతిలో గొడుగుండేది. దాన్ని విప్పగా నేను చూడలేదు. పటంలో సముద్రాలు చూపించడానికీ, నిద్రపోతున్న పిల్లని తట్టడానికీ, కుక్కల్ని అదిలించడానికీ అదే. ఎవరేం చెప్పినా “అయితే?” అనేది. ఆ అయితేలో వెటకారం ఉండేది కాదు. నువ్వు చెప్పింది విన్నాను, ఇంకా మిగిలింది చెప్పు అన్నట్టుండేది. ఆ ప్రాంతంలో ఒక ఆశ్రమ పాఠశాలలో సోషల్ చెప్పేది. నోట్సుకి ఒక తెలుగు, పాఠానికి ఒక తెలుగు వాడేది. మొదటిది పుస్తకంలోది. రెండోది ఇంట్లోది.

ఒకసారి ఆవిడ క్లాసు వెనక బెంచీలో కూర్చుని విన్నాను. ఐరోపావాళ్ళు సముద్రాలు దాటి దేశాలు వెతకడానికీ, వలసలు స్థాపించడానికీ కారణాలు. కొత్త ప్రాంతాలు చూడాలన్న సాహసం, మతవ్యాప్తి, రాజుల కీర్తికాంక్ష, వ్యాపారం. ఆవిడ ఈ నాలుగూ బోర్డు మీద గుండ్రటి అక్షరాల్లో రాసి, పిల్లల చేత రాయించింది.

“పరీక్షకి ఇవే రాయండి. అబద్ధాలేం కావు. ఇప్పుడు పుస్తకాలు ముయ్యండి.”

కొంగు ముడి విప్పి ఒక్కొక్కళ్ళకీ ఒక్కో మిరియం పంచింది. కొరకమంది. క్లాసంతా దగ్గింది, ముక్కులు చీదింది. నాకూ ఒకటి ఇచ్చింది. నేనూ దగ్గాను.

“దీనికోసం సముద్రం దాటుతావేటే?” అని ముందు బెంచీలో గుంటని అడిగింది.

“నాను దాటనండి. మా కాఫీ తోటలోనే సెట్లకి పాకుతాది కదండి.”

“మీ తోటలో నేదనుకో. ఎక్కడో పండుతాది. పది సేతులు మారి నీకాడికొస్తాది. ఒక్కో సెయ్యి కొంత గిల్లుకుంటాది. నీకొచ్చేసరికి బంగారమైపోతాది. అప్పుడేటి సేత్తావు?”

“తోట ఎక్కడుందో ఎతుక్కుంటానండి.”

“నీ పక్కింటిది కూడా ఎతకడానికి బయల్దేరింది. అయితే?”

“దానికన్నా బేగి ఎల్లిపోతానండి.”

“ఎల్లావు. తోట దొరికింది. ఎనకాలే అదీ వచ్చీసింది.”

పిల్ల ఆలోచించింది. “రానివ్వనండి. దారికి కంప కొట్టేస్తాను.”

“ఆ కంపే కోట” అంది ఆవిడ, గొడుగు బెంచీ మీద కొట్టి. “కంప దగ్గర ఒక మనిషిని పెడతావు కదా, ఆడే సిపాయి. సిపాయికి తిండి కావాల కదా, ఆ ఊరోళ్ళ సేతే పెట్టిస్తావు. ఊరోళ్ళు పెట్టం అంటే కర్ర తీస్తావు. అంతేనే. మిరియం కోసం వచ్చినోళ్ళు ఊరు ఎందుకు ఏలారని పుస్తకం అడుగుతంది. ఊరు కోసం రానేదు. పక్కోడు రాకుండా కాసుకోడానికి ఊరు పట్టుకున్నారు. పట్టుకున్నాక ఒదల్లేదు.”

ఆవిడకి పాత మాటలంటే ఇష్టం. పోర్చుగీసు, డచ్చి, ఫ్రెంచి అని పుస్తకంలో ఉంటే, మన పెద్దలు వాళ్ళని ఏమని పిలిచేవారో చెప్పేది. పోర్చుగీసువాళ్ళు బుడతకీచులు. డచ్చివాళ్ళు ఒలందులు. ఫ్రెంచివాళ్ళు పరాసులు. బుడతకీచు అన్న మాట వినగానే క్లాసంతా పడీ పడీ నవ్వేది. ఏడాదికోసారి పిల్లల్ని బస్సెక్కించి భీమిలి తీసుకెళ్ళి ఒలందుల సమాధులు చూపించేది. అటు యానాంలో పరాసులు, ఇటు విశాఖలో ఇంగ్లీషువాళ్ళు, ఇక్కడ వీళ్ళు, ఒకే ఒడ్డు మీద మూడు జెండాలు ఎందుకున్నాయో అక్కడ నిలబెట్టి అడిగేది. ఒకసారి ఒక పిల్ల సమాధి రాయి నిమిరి, “ఇంత దూరమొచ్చి సచ్చిపోయారా, పాపం” అందట.

“పాపమే. రమ్మన్నదెవరు?” అందట ఈవిడ.

మూడు మలుపుల్లో నిలబడే ముగ్గురు వర్తకులకి ఆ పేర్లు పెట్టింది పిల్లలే. కీచు గొంతు ఆయన బుడతకీచు. అందరికన్నా ముందు దారెక్కింది ఆయనే కాబట్టి చరిత్ర ప్రకారం కూడా సరిపోయింది. రెండో మలుపులో చెట్టుకొమ్మకి తక్కెడ కట్టి, కింద పాక వేసినవాడు ఒలంద. సెంటు పూసుకుని వచ్చే మూడో ఆయన పరాసు. పిల్లల నుంచి తల్లులకి, తల్లుల నుంచి సంతకి పేర్లు పాకాయి. అర్థం తెలియనివాళ్ళు కూడా వాడేవారు. ఇంగ్లీషువాడెవరని నేనడిగితే ఆవిడ, “ఆయన ఆఖర్న వస్తాడండి. వచ్చాక ఈ ముగ్గురూ ఉండరు” అంది.

పోలిక మరీ లాగుతున్నారేమో అన్నాన్నేను. ఉప్పూ కిరసనాయిలూ మోసుకొచ్చి, చింతపండు కొనుక్కుపోయే చిన్న వర్తకులు వీళ్ళు. రాజులు కారు, ఫిరంగులు లేవు.

“ఫిరంగులు తరవాతొచ్చాయండి. ముందొచ్చింది తక్కెడే” అంది. ఎడం చెయ్యి తల పక్కకి లేచింది. “వీళ్ళు చెడ్డవాళ్ళని నేనడం లేదు. మా అమ్మ సంత దాకా తన బుట్ట తను మొయ్యలేకపోయింది. మెడ నొప్పై కాదు. ఆ ఊళ్ళ ఆడవాళ్ళు బుట్ట ఎక్కడ దించాలో వాళ్ళే అనుకోవాలి. నేను అడిగేది అంతే.”

ఆ మాటన్న తరవాతి వారమే పాఠం మలుపులో చెబుతానని పిల్లల్ని తీసుకెళ్ళింది. మొదట చెప్పింది ఆ రోజు సంగతే.

వర్తకులు ఊరుకోలేదు. ఎప్పుడూ ఒకరి మొహం ఒకరు చూడని ముగ్గురూ ఒకే కాగితం మీద సంతకాలు పెట్టి పై అధికారులకి ఇచ్చారు. బడివేళలో పిల్లల్ని బయటికి తీసుకొచ్చిందని, బేరాలు చెడగొట్టిందని, అన్నిటికన్నా ముఖ్యంగా పిల్లలకి బూతులు నేర్పి పెద్దమనుషుల్ని తిట్టిస్తోందని. పోటీవాళ్ళు ముగ్గురూ ఒకటయ్యారే అని నేను ఆశ్చర్యపోతే, “అప్పుడప్పుడు అవుతారండి, పంచుకోవాల్సి వచ్చినప్పుడు” అంది.

విచారణ హెడ్మాస్టరు గదిలో, ముగ్గురు వర్తకుల ఎదుటే జరిగింది. కింది నుంచి వచ్చిన అధికారి నెమ్మదైన మనిషి. కాగితం చదివి, కీచు గొంతు వర్తకుణ్ణి చూపించి, ఇబ్బందిగా అడిగారు.

“ఈయన్ని మీరు బుడతకీచు అన్నారా?”

“పిల్లలన్నారు. నేర్పింది నేను.”

“అంత మాట నేర్పొచ్చా అమ్మా?”

“అంటే ఏంటో మీకు తెలుసా సార్?”

ఆయనకి తెలియదు. హెడ్మాస్టరుకీ తెలియదు. ఆవిడ నిఘంటువు తెప్పించమంది. చెదలు ఒక మూల తినేసిన లావుపాటి పుస్తకం బీరువాలోంచి వచ్చింది. అధికారి పేజీలు తిప్పి, వేలు పెట్టి చదివి, కళ్ళజోడు తీశారు.

“పోర్చుగీసువాడు అని ఉంది.”

వర్తకుడు ముందుకి వంగాడు. “అంటే ఏటి బాబూ?”

“పోర్చుగల్ అని ఒక దేశం. అక్కడివాడు.”

“నాది శృంగవరపుకోట బాబూ!” అన్నాడాయన కీచుమంటూ. “మా తాత, ముత్తాత అందరూ అక్కడోళ్ళే. దేశం గీశం నాకెందుకు?”

అధికారి నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగారు. తమాయించుకుని, సరే, సంతలో కొనుక్కోక ఆ మలుపుల్లోకి ఎందుకెళతారయ్యా అని అడిగారు.

“నాను ఆగితే ఒలంద ఆగడు బాబూ.”

“ఒలంద ఎవరు?”

వర్తకుడు పక్క కుర్చీలో మనిషిని చూపించాడు. చూపించాక తనేమన్నాడో తెలిసింది. “మరి ఆడు పైకెల్తే నాకేటి మిగులుద్ది? ఆడు ఆగితే నానూ ఆగుతాను. ఆడేమో నన్నాగమంటాడు. ఎవుడాగుతాడు బాబూ?”

టీచరమ్మ కుర్చీలోంచి లేచింది. “ఐరోపా దేశాలు ఒకదానితో ఒకటి పోటీపడి విదేశాలకు ఎందుకు వెళ్ళాయి? అయిదు మార్కుల ప్రశ్న సార్. పుస్తకం నాలుగు పేజీల్లో చెప్పలేకపోయింది. ఈయన చెప్పేశాడు. అయిదుకి అయిదు వేశాను.”

వర్తకుడు ఒక్క క్షణం సంతోషించినట్టే కనిపించాడు.

అక్కడితో అయిపోవాల్సింది. పిల్లల్ని బడివేళలో బయటికి తీసుకెళ్ళడం పొరపాటేనని ఒక ముక్క రాసిస్తే ఇంతటితో వదిలేస్తానని అధికారి మంచిగానే చెప్పారు. హెడ్మాస్టరు కాగితం, పెన్నూ ముందుకి జరిపారు. “రాసీండమ్మా, ఉద్యోగం మాట” అన్నారు మెల్లిగా.

“పాఠం అక్కడుంది సార్, తీసుకెళ్ళాను. వచ్చే వారం కూడా తీసుకెళ్తాను. కావాలంటే ఆ మాట రాసిస్తాను” అంది ఆవిడ.

కాగితం అలాగే ఉండిపోయింది. ఆ తరవాత మూడు వారాలు చెప్పినట్టే తీసుకెళ్ళింది. నాలుగో వారానికి గూడెం కొత్తవీధి వైపు బదిలీ వచ్చింది. నేను రాసిన వార్త లోపలి పేజీలో చిన్నగా వచ్చింది. బుడతకీచు అన్న మాట మాత్రం లేదు. డెస్కులో ఎవరో బూతనుకుని కొట్టేశారు. బడికి ఫోన్ చేసి ఆవిడకి చెబితే చాలాసేపు నవ్వి, “అయితే?” అంది.

వెళ్ళే రోజు బస్టాండులో చూశాను. ట్రంకుపెట్టె, గొడుగు, పటాల చుట్ట. పై ఊళ్ళ ఆడవాళ్ళు కొందరు సంత మానుకుని వచ్చారు. ఎవరూ ఏడవలేదు. చింతపండు బుట్ట మనిషి ఏదో వాళ్ళ భాషలో అంది, ఆవిడ అదే భాషలో జవాబిచ్చింది, అందరూ నవ్వారు. ఏమన్నారని అడిగితే, “అక్కడ మలుపులెన్ని ఉన్నాయో సూసి సెప్పమంటంది” అంది.

ఆవిడ పోయిన వార్త నాకు చేరవేసింది చిత్రంగా ఆ వర్తకుడే. చాలా ఏళ్ళ తరవాత, కిరండోల్ పాసింజరు బొర్రా స్టేషన్లో ఆగినప్పుడు, జామకాయల గంపతో ఒక ముసలాయన ఎక్కి నా ఎదుట కూర్చున్నాడు. కాసేపు నన్ను పరీక్షగా చూశాడు.

“పేపరాయన కదా తమరు? నాను బుడతకీచునండి.”

గొంతు పోల్చుకున్నాను. వొళ్ళు తగ్గిపోయింది, గొంతు తగ్గలేదు.

“మీ టీచరమ్మ పోయింది, తెలుసునా? మొన్న ఎండాకాలం. జొరమొచ్చిందంట. ఆ ఊళ్ళోనే బడి పక్కన కప్పెట్టారంట.”

ఆయన ఒక జామకాయ తీసి తుడిచి ఇచ్చాడు.

“మంచి మనిషని నానననండి. నా బేరం పాడుసేసింది. రెండేళ్ళు ఒక్క బుట్టా ఆగనేదు. గుంపుగా వచ్చీవోరు, నెత్తి మీంచి దించీవోరు కాదు. సంతలోనే కొనుక్కున్నాం, ఏటి సేత్తాం? అమ్మితే అమ్ముతానంటాది, నేకపోతే పక్కోడికిస్తానంటాది. నన్ను ఎంత మాటన్నా మొకం మీదే అంది. తిట్టు కాదంట కదండీ అది?”

“కాదు.”

“మరదే.”

ఇప్పుడు సంతకి వెళ్ళడం లేదా అని అడిగాను. మానేశానన్నాడు. కిందినుంచి ఒకాయన జీపులు కొని దింపాడట. ఆ జీపులు నేరుగా పై ఊళ్ళకే పోతాయట. బుట్టల్నీ మనుషుల్నీ ఎక్కించుకుని దిగుతాయి. ఎక్కేటప్పుడే బేరం. “మమ్మల్ని ముగ్గుర్నీ ఒక్క గుటకేసీసినాడండి. ఒలంద టీ కొట్టెట్టుకున్నాడు. పరాసు కొడుకు దగ్గరికెల్లిపోయాడు.”

“ఆ జీపులాయనకి పిల్లలు ఏం పేరు పెట్టారు?”

“పేరెట్టీదెవరండి? ఆవిడెల్లిపోయింది కదా” అన్నాడాయన, కిటికీలోంచి చీకటి సొరంగంలోకి చూస్తూ.

తరవాతి వారం నేను హుకుంపేట వెళ్ళాను. ముసలాయన చెప్పింది నిజమే. సంత మొదట్లోనే జీపులు వరసగా ఆగి ఉన్నాయి. బుట్టలు వాటిలోంచి సరాసరి లారీలోకి మారుతున్నాయి. ఆడవాళ్ళు ఖాళీ చేతులతో దిగి ఉప్పు కొనుక్కుంటున్నారు. కొండదారినే నడిచి వచ్చి, బుట్టలు సంత మధ్యలో దించి, నలుగురితో బేరమాడి అమ్ముకున్నది ఒక్క ఊరివాళ్ళే. అది టీచరమ్మ పుట్టిన ఊరు. దానికి జీపు వెళ్ళే దారి లేదు.

ఇప్పుడు ఆ ఊరికి రోడ్డు మంజూరైంది. కొలతలవాళ్ళు వచ్చి ఊరి మొదటిదాకా సున్నం పూసిన రాళ్ళు పాతి వెళ్ళారు. కాన్పు కష్టమైతే డోలీలో మోసుకెళ్ళే బాధ తప్పుతుంది, రోడ్డు రావలసిందేనని సగంమంది ఆడవాళ్ళు అంటున్నారు. రోడ్డు పడిన మర్నాడే జీపొస్తుందని మిగతా సగం అంటున్నారు. రెండు మాటలూ నిజమేనని అందరూ ఒప్పుకుంటున్నారు. ఊరంతా రెండుసార్లు కూర్చుని మాట్లాడుకుంది, ఏమీ తేలలేదు. రాళ్ళు ఎవరూ పీకలేదు. పని మొదలుపెట్టమని ఊరి తరఫున ఎవరూ సంతకం పెట్టలేదు.